రెబ్కా టీచరు మూడు సీసాలు

2025 ఏప్రిల్ 26, శనివారం. ఉదయం ఆరున్నరకి మార్టూరులో రెబ్కా టీచరు ఇంటి ముందు, కారు కింద పెట్టిన నీలం బేసినులోకి మూడు లీటర్ల ఆరువందల మిల్లీలీటర్ల నీళ్లు దిగాయి. కారుతో వచ్చిన పుస్తకం ప్రకారం నాలుగు లీటర్ల రెండు వందలు ఉండాలి. ఇంజను లోపల కొంత నిలిచిపోతుందని అదే పుస్తకంలో ఇంకో పేజీలో ఉంది గాని, ఎంత నిలుస్తుందో లేదు. ఆమె నోటుబుక్కులో తేడా దగ్గర 600 అని వేసి పక్కన ఒక ప్రశ్నార్థకం పెట్టింది. కాసేపు ఆలోచించి దాని పక్కన ఇంకొకటి పెట్టింది.

రంగు అంతకన్నా అనుమానంగా ఉంది. ఇంజను వేడిని లాక్కుని రేడియేటరుకి చేరవేసే కూలెంటు జనవరిలో ఆమె స్వయంగా చిలకలూరిపేటలో కొన్నది. ముదురు పచ్చ. ఇప్పుడు బేసినులో ఉన్నది పెసరకట్టులా పలచగా ఉంది. అడుగున సున్నంలాంటి తెల్లటి మడ్డి. ఆమె అందులోంచి ఒక సీసా నింపి, మూత బిగించి, మీద కాగితం అతికించి, తేదీ, సమయం రాసింది.

ఆ సీసా కారు బాగు కోసం పట్టింది కాదు. అది ఒక మనిషి చేసిన మోసానికి రుజువని ఆమె నమ్మకం. ఆ మనిషి మెకానిక్ జయరావు. ఎనిమిది రోజుల్లో మే నెల మొదటి ఆదివారం వస్తోంది. ఆ రోజు వాళ్ల క్రైస్తవ సంఘంలో ప్రభు బల్ల, అందరూ రొట్టె పంచుకునే ఆరాధన. రొట్టె పళ్లెం ముందుకొచ్చినప్పుడు ఎవరి మీదైనా మనసులో మాట ఉన్నవాళ్లు, తమ మీద మాట ఉన్నవాళ్లు చెయ్యి చాచరు, ముందు సమాధానపడి రావాలి. మార్చిలో జయరావు చెయ్యి చాచలేదు. ఏప్రిల్లోనూ చాచలేదు. ఈస్టరునాడు గుడిలో చిట్టచివరి బెంచీ మీద కూర్చుని, ఆఖరి పాట అవకముందే లేచి వెళ్లిపోయాడు. ఆ మంగళవారం పాస్టరుగారు రెబ్కా ఇంటికొచ్చి, నీళ్లు కూడా తాగకుండా, నీ మాట వల్ల ఒక కుటుంబం బల్లకి దూరమైంది రెబ్కమ్మా, నీ దగ్గర రుజువుందా అని అడిగారు. మే నాలుగులోపు చూపిస్తానని ఆమె మాట ఇచ్చింది.

రెబ్కాకి అనుమానం ఊరికే అబ్బిన గుణం కాదు. ఆమె తల్లి ప్రేమమ్మ పత్తి తీత కూలి. తీతకి కిలోల లెక్క. సాయంత్రం గట్టు మీద మేస్త్రి పట్టుకున్న వేలాడే కాటాకి మూట తగిలిస్తే ముల్లు ఎక్కడ ఆగితే అదే ఆ రోజు కష్టం. పదకొండేళ్ల రెబ్కా ఒకరోజు ఇంకా విప్పని ఐదు కిలోల ఎరువు సంచి మోసుకెళ్లి, దీన్ని కూడా ఒకసారి తూయమంది. ముల్లు నాలుగున్నర దగ్గర ఆగింది. నలభైమంది ఆడవాళ్లు చూస్తుండగా జరిగింది కాబట్టి మర్నాటికి కాటా మారింది. ప్రేమమ్మని మాత్రం వారం రోజులు పనికి పిలవలేదు. ఆ వారం సంగతి రెబ్కా అంతగా గుర్తుపెట్టుకోలేదు. కాటా మారిన సంగతి ముప్పై ఆరేళ్లు గడిచినా పిల్లలకి పాఠంగా చెబుతూనే ఉంది.

ఆమె లెక్కల టీచరు అయింది. మధ్యాహ్న భోజనంలో గుడ్లు ఆమె లెక్కపెట్టిన రోజున సరిపోతాయి, ఆమె సెలవు పెట్టిన రోజున తగ్గుతాయి. పెట్రోలు బంకులో మీటరు సున్నా దగ్గర ఉందో లేదో చూడకుండా ఆమె ట్యాంకు మూత తీయదు. చాలాసార్లు ఆమె అనుమానమే నిజమైంది. అందుకే అనుమానం తప్పయ్యే రోజొకటి ఉంటుందని ఆమెకి తట్టలేదు. భర్త ప్రకాష్ గ్రానైట్ పాలిష్ యూనిట్లో సూపర్‌వైజరు, నెమ్మదస్తుడు. పెళ్లిచూపుల్లో ఈవిడ నా పళ్లు కూడా లెక్కపెట్టిందని ఇప్పటికీ స్నేహితులకి చెబుతుంటాడు. ముప్పై ఒకటే ఉన్నాయని ఆమె సరిచేస్తుంటుంది.

కారు పదకొండేళ్ల పాతది, మూడేళ్ల కిందట కొన్నది. మిరపచేల మధ్య పదహారు కిలోమీటర్లు పోతే ఆమె పనిచేసే హైస్కూలు వస్తుంది. జనవరి 11న కూలెంటు మార్చమని రెండు లీటరు డబ్బాలు, సీలు తియ్యనివి, జయరావు షెడ్డులో ఇచ్చింది. అంతకు సమానంగా, సున్నం లేని బ్యాటరీ నీళ్లు కలిపి పొయ్యాలి. ఆ రోజు మండల సమావేశం ఉండడంతో దగ్గరుండి చూడలేకపోయింది. ఫిబ్రవరి 20న బడి నుంచి వస్తుంటే వేడి చూపే ముల్లు ఎర్రగీత దాకా పోయింది. రోడ్డు పక్కన ఆపి, అరగంట చల్లారనిచ్చి బానెట్ ఎత్తి చూస్తే రేడియేటరు పక్కనుండే తెల్ల ప్లాస్టిక్ డబ్బాలో కూలెంటు అడుగంటింది, ఉన్న కాస్తా రంగు వెలిసిపోయింది. తాగేందుకు తెచ్చుకున్న సీసా నీళ్లు అందులో పోసి నేరుగా షెడ్డుకి వెళ్లి, ఖాళీ డబ్బాలు ఏవని అడిగింది. రెండూ పోశానండీ అని చెప్పి, గోడవారగా పేర్చిన ఖాళీ డబ్బాల వరుస చూపించాడు జయరావు. అందులో ఆమెవి ఏవో ఆయనా చెప్పలేకపోయాడు.

ఆ మర్నాడు శుక్రవారం స్త్రీల కూడిక. ప్రార్థన అంశాలు చెప్పమన్నప్పుడు, జ్వరాలు, పరీక్షలు, పొలం గొడవలు అన్నీ అయ్యాక రెబ్కా లేచింది. చిన్న పనిలో కూడా నమ్మకంగా ఉండని పనివాళ్ల మనసు మారేలా, ముఖ్యంగా మన సంఘంలో బళ్లు బాగుచేసేవాళ్ల కోసం ప్రార్థన చెయ్యమంది. పేరు చెప్పలేదు. సంఘంలో బళ్లు బాగుచేసేది ఒక్కడే. అతని భార్య శాంతి రెండో వరసలో కూర్చుని ఉంది. అందరితోపాటు ఆవిడా కళ్లు మూసుకుంది.

ఆ ఆదివారానికల్లా మాట ఊరంతా పాకింది. జనం తమ డబ్బాలు తామే తెచ్చుకుని, షెడ్డులో స్టూలు వేసుకుని కూర్చుని మరీ పోయించుకోవడం మొదలుపెట్టారు.

రెబ్కా తన పరిశీలన అంతటితో ఆపలేదు. ఫిబ్రవరి 21 ఉదయం రేడియేటరు పక్కనున్న ప్లాస్టిక్ డబ్బా మీద నల్ల మార్కరుతో గీత గీసి, అక్కడి దాకా నింపి, రోజూ బడికి బయలుదేరే ముందు చూసింది. రెండు నెలలపాటు నీళ్లు సరిగ్గా గీత మీదే ఉన్నాయి. కాబట్టి కారు కారడం లేదు. కారని కారులో కూలెంటు పలచబడిందంటే మొదట్లోనే పలచటిది పోసి ఉండాలి. ఈ మూడు వాక్యాలూ ఆమె నోటుబుక్కులో ఒకదాని కింద ఒకటి ఉన్నాయి, చివరిదాని కింద రెండు గీతలతో.

శనివారం పని ఆమె అనుకున్నంత తేలిక్కాలేదు. పాత నీళ్లు దించాక, మంచినీళ్ల ప్లాంటు నుంచి తెచ్చిన క్యాను నీళ్లు నింపి, ఇంజను ఆన్ చేసి, లోపలి హీటరు కూడా పెట్టాలి. అప్పుడే నీళ్లు అన్ని మూలలకీ తిరిగి మడ్డిని కడుగుతాయి. ఏప్రిల్ ఎండలో హీటరు వేసుకుని కార్లో కూర్చున్న టీచరుని గోడ మీంచి చూసి పక్కింటి శివపార్వతి నవ్వింది. ఆమెది చీరాల, నేతగాళ్ల ఇంటి పిల్ల, మాట మగ్గంలో నాడెలా పోతుంది.

"ఏం టీచరుగారూ, ఎండ చాల్లేదా? సెలవుల్లో మెకానిక్ కోర్సులో చేరారా ఏంటి?"

"ఎవర్నీ నమ్మలేనప్పుడు మనమే చేసుకోవాలి పార్వతీ."

"మా ఆయన కూడా అట్నే అని పోయినేడు ఫ్యాను విప్పాడు. ఇంకా మంచం కిందే ఉంది."

పై గొట్టం చెయ్యి పెట్టలేనంత వేడెక్కి, ముందున్న ఫ్యాను తిరగడం మొదలయ్యాక ఇంజను ఆపింది. వేడి మీద మూత తీస్తే ముఖం కాలుతుందని పుస్తకం నాలుగుచోట్ల హెచ్చరించింది. గంటసేపు చల్లారనిచ్చి, కింది గొట్టం ఊడదీసి మళ్లీ దించింది. దించిన ప్రతిసారీ బేసిను మీద రేకు మూసింది, కూలెంటు తియ్యగా ఉంటుందట, కుక్కలు తాగితే బతకవట. మూడోసారికి నీళ్లు నిర్మలంగా వచ్చాయి. కింది గొట్టానికున్న తుప్పు క్లిప్పు తీసేసి కొత్తది బిగించింది.

వరండాలో కుర్చీ వేసుకుని మామగారు జక్రయ్య ఇదంతా చూస్తూనే ఉన్నాడు. డెబ్భై ఆరేళ్లు. ముప్పై ఒక్క ఏళ్లు లారీ నడిపాడు, జిన్నింగు మిల్లుల పత్తి బేళ్లు, గుంటూరు యార్డు మిరప టిక్కీ బస్తాలు మద్రాసు దాకా తోలినవాడు. ఇప్పుడు సంఘ పెద్ద. మగవాళ్ల వైపు రొట్టె పళ్లెం పట్టేది ఆయనే.

"ఎందుకమ్మాయ్ ఇంత తంటా? బండికి కావాల్సింది నీళ్లు. ఆ రంగు ఎవడో అమ్ముకోటానికి కలుపుతాడు."

"రంగు కాదు మామయ్యా, అందులో తుప్పు పట్టకుండా మందుంటుంది."

"మా లారీలకి మందెవడు పోశాడు?" అని ఆయన కండువా దులుపుకున్నాడు.

కొత్త కూలెంటు రెండు లీటర్లు, బ్యాటరీ నీళ్లు రెండు లీటర్లు ఒక బకెట్టులో కలిపి, గొట్టాన్ని చేత్తో పిసుకుతూ, బుడగలు పైకొచ్చేదాకా ఆగుతూ, మధ్యాహ్నం ఒంటిగంటకి పూర్తిచేసింది. ప్లాస్టిక్ డబ్బా మీద పాత గీత తుడిచేసి కొత్త గీత గీసింది. మొదటి రెండు మూడు రోజులు లోపలి గాలి బయటికొచ్చి మట్టం కొంచెం తగ్గుతుందని పుస్తకంలో ఉంది.

ఆమె దగ్గర అప్పటికి మూడు సీసాలున్నాయి. మొదటిది బేసిను నీళ్లు. రెండోది గురువారం జయరావు అన్నానికి వెళ్లిన వేళ చూసి, షెడ్డులో ఒంటరిగా ఉన్న శాంతిని అడిగి, రేడియేటర్లలో పోసే డ్రమ్ములోంచి పట్టుకున్నది. శాంతి ఎందుకని అడగలేదు. అడగకపోవడం కూడా రెబ్కా నోటుబుక్కులో రాసుకుంది. మూడోది పోలికకని ఇంటి బోరు నీళ్లు. మూడింటినీ పాత స్టీలు పళ్లేల్లో తలో నాలుగు చెంచాలు పోసి డాబా మీద ఎండబెట్టింది. సాయంత్రానికి షెడ్డు నీళ్ల పళ్లెం శుభ్రంగా ఉంది. బోరు నీళ్ల పళ్లెంలో తెల్లటి చక్రం. బేసిను నీళ్ల పళ్లెంలో జిగట, దాని చుట్టూ అలాంటి తెల్లటి చక్రమే. ఈ ప్రాంతపు బోరు నీళ్లు ఎండితే సున్నం మిగులుతుందని ఆరో తరగతి పిల్లలకీ తెలుసు.

ఆమె మూడు పళ్లేలూ పక్కపక్కన పెట్టి మళ్లీ చూసింది. తర్వాత రాసుకుంది: తన మీద కన్ను పడిందని తెలిసి జయరావు ఇప్పుడు డ్రమ్ములో మంచి నీళ్లు పెట్టి ఉండవచ్చు.

సోమవారం ఉదయం బానెట్ ఎత్తి చూస్తే కొత్త గీతకి నీళ్లు అర వేలు పైనున్నాయి.

తగ్గితే ఆమె ఊరుకునేది. పెరగడం ఏ పుస్తకంలోనూ లేదు. గేటు తాళం ఎవరి దగ్గరుందో లెక్కవేసింది. ఆదివారం తామంతా గుడిలో ఉన్న సమయానికి జయరావు గుడిలో లేడని గుర్తుచేసుకుంది. తాను రుజువు పోగుచేస్తోందని శాంతి చెప్పి ఉంటుంది, ఆ రుజువుని పాడుచెయ్యడానికి వచ్చి ఉంటాడు. ప్రకాష్‌ని అడిగితే, కారులో నీళ్లు దొంగిలించే దొంగని విన్నాను గాని, పోసి వెళ్లే దొంగని ఇప్పుడే వింటున్నానన్నాడు. శివపార్వతిని అడిగితే పిల్లి కూడా గోడ దూకలేదంది. ఆ రాత్రి రెబ్కాకి సరిగా నిద్ర పట్టలేదు.

మంగళవారం తెలతెలవారుతుండగా వంటింటి కిటికీ వెనక నిలబడింది. ఐదున్నర దాటాక వరండా తలుపు తీసిన చప్పుడైంది. జక్రయ్య ముఖం కడుక్కుని, బోరు కుళాయి కింద స్టీలు గ్లాసు పట్టి, కారు దగ్గరికి నడిచి, అలవాటైన చేత్తో బానెట్ ఎత్తాడు. కళ్లద్దాలు నుదుటి మీదికి నెట్టి, డబ్బా మూత తీసి, వంగి చూస్తూ సన్నటి ధారగా పోశాడు. మూత పెట్టి, మిగిలిన నీళ్లు బంతిమొక్కకి పోసి, బానెట్ దించి, దాని మీద ఒకసారి అరచెయ్యి వేశాడు.

రెబ్కా బయటికి వచ్చింది.

"మామయ్యా, ఏంటది?"

"నీళ్లమ్మాయ్. బోరు నీళ్లు."

"ఎన్నాళ్ల నుంచి పోస్తున్నారు?"

"నువ్వు కొన్నకాణ్ణించీ అప్పుడప్పుడు చూసేవోణ్ణే. ఈ జనవరి పోయేముందు నించి రోజూ తాగుతోంది, గ్లాసుడు. దప్పికతో ఉన్న బండెక్కకూడదమ్మా. దారిలో పగ తీర్చుకుంటది."

"నాకెందుకు చెప్పలేదు?"

ఆయనకి ప్రశ్న అర్థం కాలేదు. "గొడ్డుకి కుడితి పెట్టి ఊరంతా చాటుకుంటామా? నువ్వే గదా గీత గీశావు. ఇక్కడ దాకా పొయ్యమని గీసిందనుకున్నా. రోజూ ఆ గీత దాకా చూసుకుని పోస్తన్నా. ఈ కొత్త గీత సన్నంగా గీశావు, నాకు సరిగ్గా ఆనట్లా."

రెబ్కా మెట్టు మీద కూర్చుంది. రెండు నెలల ఉదయాలు ఆమె చూసింది కారుని కాదు, మామగారి చేతి నిదానాన్ని. ఫిబ్రవరి 17 నుంచి నాలుగు రోజులు ఆయన చీరాలలో కూతురింట్లో ఉన్నాడు. ఇరవయ్యో తేదీన ముల్లు ఎర్రగీతకి పోయింది.

"జయరావు సంగతి మీకు తెలుసు కదా మామయ్యా."

"ఆ పచ్చనూనెలో ఏదో తేడా చేశాడన్నావు. నూనె సంగతి నాకేం తెలుసు. నేను పోసేది నీళ్లు గదా."

ఆమె ఆయనకి ఇంకేమీ చెప్పలేదు. అక్కడితో ఒప్పుకుని ఉంటే కథ మంగళవారమే అయిపోయేది. అయితే ముప్పై ఆరేళ్ల అలవాటు ఒక్క పూటలో చావదు. స్నానం చేసి వచ్చేసరికి ఇంకో దారి దొరికింది. కారు రోజుకి గ్లాసుడు నీళ్లు ఎందుకు తాగుతోంది? జనవరి నుంచే ఎందుకు? జనవరిలో కింది గొట్టం విప్పి బిగించింది జయరావు. క్లిప్పు వదులుగా బిగించి ఉంటాడు. దొంగ కాకపోయినా నిర్లక్ష్యం చేసినవాడే. ఆ ఆలోచన రాగానే గుండె కుదుటపడిందని ఆమె తర్వాత ఎవరికీ చెప్పలేదు.

మామగారిని మూడు రోజులు నీళ్లు పొయ్యవద్దని బతిమాలింది. మూడు రోజులు చంటిబిడ్డకి పాలు పట్టవద్దన్నట్టు చూశాడాయన. రోజూ ఉదయం బడి దారిన ఎనిమిది కిలోమీటర్లు పోయి వచ్చి, చల్లారాక మట్టం కొలిచి, తనే కూలెంటు కలిపిన నీళ్లు గీత దాకా నింపింది. మంగళవారం గ్లాసుడు తగ్గింది. బుధవారం అంతే తగ్గింది. కింది గొట్టానికి పాత గుడ్డ చుట్టింది, గుడ్డ పొడిగా వచ్చింది. ఆ క్లిప్పు ఇప్పుడు జయరావు బిగించింది కాదు, శనివారం తాను బిగించిందే. అయినా కారు తాగుతూనే ఉంది. గురువారం సాయంత్రం టార్చి వేసి, నేల మీద చాప పరుచుకుని పడుకుని చూసింది. నీళ్లని తిప్పే పంపు కింద, సూదిబెజ్జమంత రంధ్రం దగ్గర తడి, ఆ తడి ఇంజను వేడికి ఆరిపోయి ముగ్గుపిండిలా తెల్లటి చార. పంపు కారుతో పుట్టింది. జనవరిలో దాన్నెవరూ ముట్టుకోలేదు. ముసలిదై కారుతోంది.

ఇక అనుమానించడానికి మనిషి మిగల్లేదు. ఆదివారానికి మధ్య రెండు రోజులే ఉన్నాయి.

శుక్రవారం పొద్దున్నే షెడ్డుకి వెళ్లింది. జయరావు ఒక ట్రాలీ ఆటో కింద పడుకుని ఉన్నాడు. కాళ్లు మాత్రం కనిపిస్తున్నాయి. ఆమె గొంతు విని ఆ కాళ్లు కదలడం మానాయి, మనిషి మాత్రం బయటికి రాలేదు. ఆమె ఆ కాళ్లకే చెప్పింది. గ్లాసు, బోరు నీళ్లు, గీత, పంపు, అన్నీ వరుసగా, తేదీలతో. చెప్పడం అయ్యాక పానా ఒకటి నేల మీద పెట్టిన చప్పుడైంది.

"ఈ సంగతి ఇంకెవరికి చెప్పారండీ?"

"మీకే, అన్నయ్యా. ముందు మీకే చెప్పాలని."

"నా మీద మాట నాకొక్కడికే చెప్పారా?"

జయరావు అప్పుడు బయటికి జరిగి లేచి కూర్చున్నాడు. యాభై దాటిన మనిషి, కనుబొమల మీద గ్రీజు. కోపంగా లేడు. కోపంగా ఉంటే బాగుండుననిపించింది ఆమెకి.

"నన్ను ప్రార్థనలో పెట్టారు టీచరుగారూ. సాక్ష్యంలో తియ్యండి."

ఆదివారం ఆరాధనలో సాక్ష్యాల సమయం ఉంటుంది. వారంలో జరిగిన మేలుని ఎవరైనా లేచి చెప్పుకోవచ్చు. రెబ్కా పదహారేళ్లుగా ఆ గుడికి వెళ్తోంది, ఒక్కసారీ లేవలేదు. చెప్పేవాళ్ల మాటల్లో ఎంత నిజమో అని వినడమే ఆమె పని.

"చెబుతాను," అంది. "మామయ్య పేరు చెప్పకుండా ఎలా చెప్పాలో..."

"పెద్దాయన పేరు తియ్యమాకండి. రెండు నెలలు ఆయన పళ్లెం పట్టుకుని నా ముందు నిలబడ్డాడు. ప్రతిసారీ పక్కోళ్ల కంటే ఎక్కువసేపు నిలబడ్డాడు, చెయ్యి చాస్తానేమోనని."

ఇంటికి వస్తూ దారంతా ఆమె ఆలోచించింది, ఇతనికి మామయ్య పేరు దాచాల్సిన అవసరమేంటని. సమాధానం ఆ మాటల్లోనే ఉందని ఇల్లు చేరాక గాని తోచలేదు.

మే 4 ఆదివారం గుడి నిండుగా ఉంది. సాక్ష్యాలకి పిలిచినప్పుడు ముందు ఒక ముసలావిడ కంటి ఆపరేషను గురించి చెప్పింది. తర్వాత రెబ్కా లేచి, అందరికీ వందనాలు చెప్పి, నోటుబుక్కు తెరిచింది. మాటలు తడబడతాయన్న భయంతో రాసుకొచ్చింది. జనవరి 11న జయరావుగారికి సీలున్న డబ్బాలు రెండు ఇచ్చాననీ, ఆయన రెండూ పోశారనీ, ఆ తర్వాత మా ఇంట్లోనే రోజుకి ఇన్ని మిల్లీలీటర్ల చొప్పున బోరు నీళ్లు కలిశాయనీ, కారుతున్నది ఆయన ముట్టని పంపనీ చదివింది. వెనక ఎవరో సాక్ష్యమా, లెక్కల పరీక్షా అని గొణిగారు. కొందరు నవ్వారు. ఆమె నోటుబుక్కు మూసింది.

"నేను ప్రార్థన అంశం చెప్పలేదు ఆ రోజు. నేరం చెప్పాను. కళ్లు మూసుకున్న మనుషుల మధ్య చెప్పాను కాబట్టి ఎవరూ నన్ను ఎదురు అడగలేదు."

శాంతి ఆ రోజూ రెండో వరసలోనే ఉంది. తల తిప్పలేదు.

జక్రయ్య ముందు బెంచీలో కూర్చుని చెవి ఒగ్గి విన్నాడు. మా ఇంట్లోనే అన్న మాట దగ్గర ఆయన చెయ్యి బెంచీ అంచు మీద బిగిసింది. పాస్టరుగారు రొట్టె విరిచి ప్రార్థించాక లేచి పళ్లెం అందుకున్నాడు. వరస తర్వాత వరస దాటి చివరి బెంచీకి వచ్చాడు. అక్కడ ఆగాడు. వంగి జయరావు చెవిలో ఏదో అన్నాడు. జయరావు తలెత్తి ఆయన్ని చూసి, తానూ ఏదో అన్నాడు. చిన్న మాటే. తర్వాత అతని చెయ్యి పళ్లెం మీదికి వెళ్లింది.

ఆ ఇద్దరూ ఏమనుకున్నారో రెబ్కాకి వినిపించలేదు. ఇంటికెళ్లాక రెండుసార్లు అడిగింది. బల్ల దగ్గర మాట బల్ల దగ్గరేనమ్మాయ్ అన్నాడు జక్రయ్య. ఆ మర్నాటి నుంచి ఆయన గ్లాసు బంతిమొక్క దాకానే వెళ్లింది.

అదే ఆరాధనలో ఆడవాళ్ల వైపు పళ్లెం ఆమె ముందుకి వచ్చినప్పుడు ఆమెకి మార్చి, ఏప్రిల్ నెలలు గుర్తొచ్చాయి. అతను చెయ్యి చాచని ఆ రెండు ఆదివారాలూ తాను నిశ్చింతగా చాచింది. జయరావు ఆమెని క్షమించానని ఇంకా అనలేదు. ఆమె పళ్లెం అందుకుని, రొట్టె తియ్యకుండా పక్కావిడకి ఇచ్చేసింది.

సోమవారం ఉదయం పిలవకుండానే జయరావు కొత్త పంపు, పనిముట్ల సంచి తీసుకుని వచ్చాడు. పాతది విప్పి, దాని ఇరుసు అటూ ఇటూ కదిలించి, చూడండి అన్నట్టు ఆమె చేతిలో పెట్టాడు. కొత్తది బిగించడానికి రెండు గంటలు పట్టింది. ఆ రెండు గంటలూ ఆమె వరండాలోనే కూర్చుంది. దగ్గరికి వెళ్లి చూస్తే అనుమానమనుకుంటాడు, లోపలికి వెళ్తే లెక్కలేదనుకుంటాడు. ఎక్కడ కూర్చోవాలో ఆమెకి తెలియక అవస్థపడడం ప్రకాష్ ఆ రోజే చూశాడు. శివపార్వతి గోడ దగ్గరే ఉంది, ఆమెతో ఇంకో ఇద్దరు ఉన్నారు.

బిగింపు అయ్యాక జయరావు కూలెంటు డబ్బాలు రెండు బానెట్ అంచు మీద పెట్టి, రెండడుగులు వెనక్కి జరిగి, చేతులు వెనక్కి కట్టుకున్నాడు.

"సీలు మీరే తియ్యండి టీచరుగారూ. మీరే పొయ్యండి."

"మీరు పొయ్యండి అన్నయ్యా. నేను చూడను."

"చూడమనే చెప్తన్నా. మీరు పొయ్యండి, నేను చూస్తా."

ఆమె సీలు తీసింది. కొంచెం గొట్టం మీద ఒలికింది. అతను సాయం పట్టలేదు. ఒక డబ్బా, బ్యాటరీ నీళ్లు, రెండో డబ్బా, మళ్లీ బ్యాటరీ నీళ్లు. ఎంతయిందని అడిగాడు. నాలుగు లీటర్లన్నది. వినపడలేదన్నాడు. ఆమె ఈసారి గోడ అవతలికి కూడా వినపడేలా చెప్పింది.

అతను తల ఊపి, పనిముట్లు ఒక్కొక్కటే తుడిచి సంచిలో వేసుకున్నాడు. రేడియేటరు మూత ఇంకా బ్యాటరీ మీదే ఉంది. ఆమె దాన్నీ అతన్నీ మార్చి మార్చి చూసింది.

"అది కూడా మీరే పెట్టుకోండి," అని గేటు దాటి వెళ్లాడు జయరావు.